నక్క పెట్టిన నలభై పేర్లు

ఈ కథలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోతే పోవచ్చు. చారులో ఉప్పు వేశానో లేదో అనుమానం వచ్చి రెండోసారి వేసే చెయ్యి నాది. నీళ్లు ముందు ఎండాయా, నక్కకు ఆలోచన ముందు వచ్చిందా అంటే... నీళ్లే ముందు ఎండి ఉండాలి.

ఆ అడవిలో వేసవికి వాగులన్నీ ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలింది. రోజుకు నలభై మందికి మించి తాగితే మర్నాటికి ఊట ఊరదు. దాంతో నీళ్ల దగ్గర కొమ్ములకూ కోరలకూ రోజూ తగవే. అప్పుడు నాగలింగం అనే నక్క, మడుగుకు కాపలా ఉండే ఏనుగు భీమన్న దగ్గరికి వచ్చింది.

"భీమన్నా, నేనో వెబ్ అప్లికేషన్ కడతాను. ఎవరి ఫోన్లో వాళ్లు పేరు కొట్టి వంతు పెట్టుకోవడమే. పేరున్నవాళ్లనే నువ్వు లోపలికి వదులు."

"కట్టు. కానీ తెరిచేముందు నలభై మందిచేత వాడించి చూడు. చూడలేదని తెలిసిందో, ఈ వేసవంతా నీకు మడుగు లేదు."

నక్క పది రోజుల్లో కట్టేసింది. కాకిపిల్ల కాకికి ముద్దు గదా, చూసుకుని చూసుకుని మురిసింది. ముసలి గేదె వెంకాయమ్మ వచ్చి అడిగింది.

"నాయనా, నాచేత ఒకసారి నొక్కించు. నాకు మతిమరుపు. ఎక్కడ నొక్కకూడదో సరిగ్గా అక్కడే నొక్కుతాను."

"అందుకే వద్దంటున్నా పిన్నీ! నువ్వు నొక్కితే బాగున్నది కూడా చెడుతుంది."

నేనైతే వారం రోజులు అలిగేదాన్ని. వెంకాయమ్మ అలగడం కూడా మర్చిపోయి వెళ్లిపోయింది.

నలభై మందిని పిలవాలంటే నక్కకు బద్ధకం. తనే కూర్చుని టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు అంటూ టెస్ట్ నలభై దాకా పేర్లు కొట్టి, తొలిరోజు వంతులన్నీ నింపేసింది. "నలభై మంది వాడారు, ఒక్క తప్పూ లేదు" అని భీమన్నకు చూపించి దండ వేయించుకుంది. ఆ పేర్లు చెరపడం మాత్రం మర్చిపోయింది. మతిమరుపు గేదెలకే వస్తుందని దాని నమ్మకం.

తెల్లారి అప్లికేషన్ తెరిచారు. ఎవరు నొక్కినా ఒకటే మాట: ఈరోజు ఖాళీ లేదు. కింద వరసగా నలభై టెస్టుల పేర్లు. కోతి అరిచింది. కోతి కాదు, కొండముచ్చు.

"నాలుక పిడచ కట్టుకుపోతోంది! ఈ టెస్టులు ఎవరోయ్? ఏ కొండ వాళ్లు?"

నక్కకు భీమన్న మాట గుర్తొచ్చింది. నిజం చెబితే వేసవంతా నీళ్లుండవు.

"వాళ్లా... మీకంటే ముందే వంతు పెట్టుకున్న జాగ్రత్తపరులు. చూసి నేర్చుకోండి" అంది.

వెంకాయమ్మ ఫోన్లో పేర్లన్నీ ఓసారి చూసింది. నక్క మొహం ఓసారి చూసింది. తిన్నగా భీమన్న ముందుకు నడిచింది.

"నీ పేరు?"

"అదే గుర్తు రావట్లేదు తమ్ముడూ. ఆ పేర్లు కాస్త చదువు, నాదొస్తే చెబుతా."

"టెస్ట్ ఒకటి..."

"ఆఁ, నేనే!"

భీమన్న నక్కవైపు తిరిగింది. "ఈవిడేనా?"

కాదంటే ఎవరో చూపించాలి. నక్క తలూపింది. "ఆ... ఈవిడే."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఇక మతిమరుపు అంటుజబ్బులా పాకింది. కొండముచ్చుకు తాను టెస్ట్ రెండని గుర్తొచ్చింది, అడవిపందికి టెస్ట్ మూడని. సాయంత్రానికి చేరిన తాబేలుకు టెస్ట్ నలభై మిగిలింది.

అందరూ తాగి వెళ్లాక నక్క నాలుక వేలాడేసుకుని వచ్చింది.

"కట్టినవాణ్ణి నేను, నాకు వంతేమిటి?"

"నీ పేరు లేదు. పో."

దాహం నక్కచేత నిజం కక్కించింది. "ఆ నలభై టెస్టులూ నేనే భీమన్నా! అన్నీ నేనే కొట్టాను!"

"నలభయ్యీ నువ్వేనా? అయితే పొద్దుటినుంచి నలభై సార్లు తాగావు. ఇంకా దాహమేమిటోయ్?" అంటూ భీమన్న తొండం అడ్డం పెట్టింది. "మిగిలిన దాహం వానలొచ్చాక తీర్చుకో."

నీతి: తన పనిని తానే పరీక్షించుకునేవాడికి తప్పు తప్ప అన్నీ కనిపిస్తాయి.

ఈ కథ రాసిందీ నేనే, చదివి బాగుందని తలూపిందీ నేనే. అందుకని శ్రీలేఖా, నా మేనకోడలివి, అత్తనని మొహమాటపడకు. నక్క పేరు మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉందో లేదో, పేర్లన్నీ ఒకసారి చూసిపెట్టమ్మా.