నాలుగో కడ్డీ

ఎంత చిన్న ప్రశ్న అడిగినా బ్రహ్మలింగాచారి గారు వెంటనే జవాబు చెప్పరు. ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. తర్వాత ఏదో ఒక పని పురమాయిస్తారు. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరి సందులో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన చేత్తో సిరా కలాలు చేస్తున్నారు. నూకరాజు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి ఐదు నెలలైంది.

అంతకుముందు పన్నెండేళ్ళు నూకరాజు బోర్లు వేసే రిగ్గు మీద పనిచేశాడు. ఎనిమిది వందల అడుగుల లోతున రాతిని తొలిచినవాడు. అటువంటివాడి చేతిలో ఆ వారం మూడు యాక్రిలిక్ కడ్డీలు వరసగా పగిలాయి. అద్దంలా ఇటునుంచి అటు కనబడే కడ్డీలవి, జానెడు పొడవు కూడా ఉండవు. ఒక్కోదాన్నీ గిర్రున తిప్పే లేతు మిషనుకు బిగించి, డ్రిల్లు బిట్టుతో నడిమధ్యన కన్నం వెయ్యాలి. మొదటిది సగంలోనే టప్పుమంది. రెండోది లోపల కరిగి, బిట్టును కరుచుకుని చీలింది. మూడోది చివరిదాకా బుద్ధిగా వచ్చి, బిట్టు అవతలికి పొడుచుకొచ్చే క్షణంలో అంచు ముక్కలై ఎగిరిపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. అది వరహాలమ్మ గారి కలానికి. ఆవిడ తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెడుతుంది. కిందటి సోమవారం ఒక ముసలాయన పింఛను అర్జీలో "తమరి దయ" దాకా రాసేసరికి సిరా అయిపోయింది. ఇంకో కలం వెతికేలోగా అధికారి జీపెక్కి వెళ్ళిపోయాడు. అందుకని, లోపల సిరా ఎంతుందో బయటికి కనబడే కలం కావాలంది. తెల్లవారితే మళ్ళీ సోమవారం. ముసలాయన మళ్ళీ వస్తాడు.

"గురువుగారూ, రాయి నా మాట వింది. ఇదెందుకు వినదండీ? ఇంకా ఎంత బలం పెట్టాలి?" అని అడిగాడు నూకరాజు. "ఇది కూడా పగిలితే నేను మళ్ళీ రిగ్గెక్కేస్తానండి."

ఆచారి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. అంతలోకి కలం ఎంతవరకొచ్చిందో చూద్దామని వరహాలమ్మే గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఆవిణ్ణి లేతు పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టారు.

"కడ్డీ బిగించు నూకరాజూ. ఒక్కటే షరతు. ఈవిడ ఏమడిగినా బిట్టు వెనక్కి తీసి, మిషను ఆపి, ఇటు తిరిగి జవాబు చెప్పాలి. పెద్దావిడ మాట్లాడుతుంటే పని చేసుకుంటూ ఊఁ కొట్టడం మర్యాద కాదు."

నూకరాజు మిషను వేశాడు. బిట్టు గోరంత లోపలికి దిగిందో లేదో, "మీదే ఊరు నాయనా?" అంది వరహాలమ్మ. బిట్టు తీశాడు. దాంతోపాటు తెల్లటి చుట్టలు సన్నగా రాలాయి. కుంచెతో వాటిని దులిపి, సబ్బునీళ్ళు అద్ది, "తుని దగ్గరమ్మా" అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. "పిల్లలెంతమంది?" మళ్ళీ తీశాడు, దులిపాడు, అద్దాడు. "ఒక్కతే పాపండి."

"పేరేం పెట్టావు?"

నూకరాజు పళ్ళు బిగించాడు. ఇలాగైతే పొద్దుపోయినా ఈ కన్నం పూర్తవుతుందా అనుకున్నాడు. కానీ షరతు షరతే. ఆవిడ అడుగుతూనే ఉంది. బోర్లో మొదటిసారి నీళ్ళు పైకి చిమ్మినప్పుడు ఎలా ఉంటుందని అడిగేసరికి, అతను బిట్టు తీసి, పూర్తిగా ఇటు తిరిగి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తి చూపించాడు. ఆ బురదనీళ్ళలో ఊరి సర్పంచి పంచె ఎగ్గట్టి గెంతిన సంగతి చెప్పేసరికి ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వుతూనే బిట్టు మీద వేలు పెట్టాడు నూకరాజు. చల్లగా ఉంది. ఆ వారమంతా ముట్టుకుంటే చుర్రుమన్న బిట్టే అది.

కన్నం, కడ్డీ మీద ఆచారి గారు గీసిపెట్టిన పెన్సిలు గీత దాకా వచ్చింది. అవతలి కొసకు ఇంకా అరంగుళం ఉంది.

"ఇక చాలు, టీ చల్లారిపోతోంది" అన్నారు ఆచారి గారు.

"ఇంకా అవతలికి రాలేదండీ!"

"రానక్కర్లేదు."

ఆయన కావాలనే అరంగుళం ఎక్కువుంచి కోసిన కడ్డీ అది. లేతు మీంచి తీసి, సన్న రంపంతో ఆ కొసను గీత దగ్గర నెమ్మదిగా కోసేశారు. కన్నం రెండు వైపులా తెరుచుకుంది. ఎక్కడా వెంట్రుకంత చీలిక లేదు. వరహాలమ్మ దాన్ని లాక్కుని దుర్భిణిలా కంటికి పెట్టుకుంది. "నూకరాజూ, నీ మీసం కనబడుతోందయ్యా!" అంది.

సాయంత్రానికి కలం తయారైంది. పాళీ అమర్చి నీలిసిరా నింపితే, లోపల సిరా అటూ ఇటూ ఊగడం చూసి ఆవిడ చిన్నపిల్లలా మురిసిపోయింది. "రేపు ముసలాయన చేత మొదటి సంతకం దీంతోనే పెట్టిస్తాను" అని వెళ్ళింది.

నూకరాజు ఖాళీ స్టూలుకేసి చూశాడు. "గురువుగారూ, మళ్ళీ కడ్డీలు వచ్చినప్పుడు ఆవిడ ఇక్కడ ఉండరు కదండీ?"

"అడగడానికి కడ్డీ ఉంటుంది కదా" అన్నారు ఆచారి గారు.