డబ్బాల తాడు

కోదండం బాధ ఈత రావడం లేదని కాదు. వచ్చిన ఈత పోతోందని.

యాభై దాటిన మనిషి. బస్టాండు దగ్గర మందుల షాపు. కిందటేడు వరదనీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు ఎదురింటి నరసమ్మవ్వ అరుగు మీద నిలబడి, "కోదండం, నాయనా, చెయ్యి ఇయ్యప్పా" అని పిలిచింది. కోదండం తన ఇంటి మెట్ల మీంచి ఒక్క అడుగు వెయ్యలేకపోయాడు. పై వీధినుంచి ఎవరో ఈదుకుంటూ వచ్చి ఆమెను భుజాన వేసుకుపోయారు. తర్వాత అవ్వ అతన్ని ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే షాపుకొచ్చి బీపీ మాత్రలు తీసుకుపోతుంది. ఆమె ఏమీ అనకపోవడమే కోదండాన్ని లోపల తినేసింది. వరద తీసిన కొద్ది రోజులకే వెళ్లి దస్తగిరి సార్ ముందు నిలబడ్డాడు.

సార్ డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఈతకొలనులో పొద్దున్నే పెద్దవాళ్లకు ఈత నేర్పుతారు. ఆ కొలను వైభవం చూసి తీరాల్సిందే. గడియారం ఉంది, నడవదు. నీళ్లు శుభ్రం చేసే మిషను ఉంది, అదీ నడవదు. నీళ్లు బాగా పచ్చబడ్డాక మొత్తం వదిలేసి, కడిగి, కొత్తవి పడతారు. అంతవరకూ అడుగు కనబడదు. లోతు మొదలయ్యే చోట ఈ గట్టు కమ్మీ నుంచి ఆ గట్టు కమ్మీకి కొబ్బరితాడు కట్టి, దానికి ఖాళీ నూనె డబ్బాలు తగిలించారు. అదే హద్దు.

"లోతు వైపు మాత్రం నన్ను పంపకండి సార్" అని కోదండం మొదటి రోజే ఆయన చేతులు పట్టుకున్నాడు.

"సరేప్పా, డబ్బా దాటొద్దు. ముట్టుకుని తిరిగి రా. కానీ ఈత మొదలుపెట్టినాక గోడ తగిలేదాకా కాలు కింద పెట్టేది లేదు."

కోదండం ఆ మాట తప్పలేదు. కళ్లజోడు బట్టల గదిలో వదిలేసి వస్తే అతనికి ఎదుటి మనిషే ఆనడు. నీళ్లమీద తెల్లగా, మసగ్గా కనబడే డబ్బాల వరస ఒక్కటే గుర్తు. పోవడం, సొట్ట పడిన ఒక డబ్బా వేళ్లకు తగలగానే వెనక్కి రావడం.

ఈత వచ్చిన మొదట్లో హాయిగానే ఉంది. రానురాను ఆయాసం ఎక్కువైంది. డబ్బా దగ్గరికి చేరేసరికి భుజాలు పడిపోతున్నాయి. తిరిగొచ్చి గోడ పట్టుకుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అవే నీళ్లు, అదే డబ్బా. తనే తగ్గిపోతున్నాడు.

ఒకరోజు గోడ పట్టుకుని వేలాడుతూ అనేశాడు. "నావల్ల కాదు సార్. ఇంక రాను. మళ్లీ వరదొస్తే మళ్లీ ఆ మెట్లమీదే నిలబడతా. అంతే నా బతుకు."

ఏడుపు ఆపుకోవడానికి మొహం నీళ్లలో ముంచాడు. సార్ తువ్వాలు అందించారు.

"మానేద్దువులేప్పా. రేపు నీళ్లు వదిలేస్తారు. ఎల్లుండి పొద్దున ఒక్కసారి రా. కళ్లజోడు పెట్టుకుని రా."

వెళ్లేసరికి కొలను ఖాళీగా ఉంది. సార్ పంచె ఎగ్గట్టి, నిచ్చెన మీంచి అడుగుకి దిగారు. కోదండం చెప్పులు విడిచి ఆయన వెనకే దిగాడు. నాచు వాసన. కాళ్లకింద పగిలిన టైల్సు. గట్టు ముందు భుజాల దాకా ఉంది, కాసేపటికి తలకు సమానమైంది. తర్వాత నేల ఒక్కసారిగా పల్లానికి జారింది. కోదండం గబుక్కున సార్ భుజం పట్టుకున్నాడు.

"నడువు."

నడిచారు. గట్టు పైపైకి పోయింది. అవతలి గోడ దగ్గరైంది.

"ఇప్పుడు పైకి చూడు."

రెండు నిలువుల ఎత్తున, ఈ గట్టునుంచి ఆ గట్టుకి తాడు. గాలికి ఊగుతున్న తెల్ల డబ్బాలు. వాటిలో ఒకదానికి సొట్ట.

కోదండం వెనక్కి తిరిగి చూశాడు. తక్కువ లోతు దగ్గర్నుంచి ఇక్కడిదాకా గట్టుమీద ప్రతి ఇనుప కమ్మీకీ తుప్పు గీసుకుపోయి, తాడు బిగించి కట్టిన గుర్తు. ఒకదాని తర్వాత ఒకటి.

అంత ఎత్తునా? కింద ఇంత గొయ్యి పెట్టుకుని రోజూ తను అక్కడ పోయి వస్తున్నాడా? పట్టుకున్న చెయ్యి లేదు, కాలికి ఆనిన నేల లేదు. వట్టి నీళ్లు మోశాయి తనని, ఇంత బరువునీ. మెడ నొప్పెట్టేదాకా అలా పైకే చూస్తూ నిలబడ్డాడు. దేవుడి ఎదట కూడా ఎప్పుడూ అంతసేపు నిలబడి ఎరగడు.

"సార్... నాకు చెప్పలేదే?"

"డబ్బా దాటనీయొద్దంటివి. దాటనిచ్చినానా?" అన్నారాయన. "పొద్దున నీకోసం జరిపేది, పిల్లలొచ్చేలోపల మళ్లీ దాని జాగాలో కట్టేది. నాకూ ఆయాసమే వచ్చెప్పా."

కొత్త నీళ్లు పట్టిన రోజు కోదండం అందరికంటే ముందొచ్చాడు. తాడు చుట్టగా చుట్టి సార్ కుర్చీ కింద ఉంది. కోదండం దాన్ని చూశాడు. సార్‌ని చూశాడు. కళ్లజోడు తీసి ఆయన చేతికిచ్చి నీళ్లలో దిగాడు.

భుజాలు పడిపోయాయి. గుండె చెవుల్లోకొచ్చింది. చెయ్యి చాపితే సొట్ట తగల్లేదు. ఇంకా పోయాడు. గరుగ్గా, చల్లగా గోడ తగిలింది.

అవతలి గట్టునుంచి సార్ కేక వినబడింది.

"గోడ తగిలింది కదప్పా! ఇంక కాలు కింద పెట్టొచ్చు!"

కోదండం కాలు కిందికి చాపి చూశాడు. ఏమీ తగల్లేదు. నవ్వొచ్చింది. గోడ వదిలేసి వెనక్కి బయల్దేరాడు.