రోకటి పోటు కింద ‘ఊ’

నేమాని భోగేశ్వర్రావు గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. "ఆ స్టూలు ఇలా జరుపు" అంటారు, లేదంటే ఎవరినో పిలుచుకు రమ్మంటారు. రేడియోలో ముప్పై నాలుగేళ్లు రికార్డిస్టుగా చేసి, రామచంద్రపురంలో రెండు గదుల ఇంట్లో మాబోటివాళ్లకి శబ్దం పట్టే పని నేర్పుతున్న మనిషి. ఆయన దగ్గర నేను చేరి ఆరేళ్లయింది. ఒక్కసారీ సూటిగా చెప్పిన పాపాన పోలేదు.

ఆ రోజు అడిగింది హైమవతి. మా అందరిలోకీ చురుకైనది, పైగా మొండిది.

"గురువుగారూ, కుదించిన పాటకీ అసలు పాటకీ తేడా మనిషి చెవికి వినపడుతుందా, వినపడదా? ఇవాళ తేల్చి చెప్పండి. సంఘం వాళ్లు సాయంత్రానికల్లా కాగితం ఇమ్మన్నారు."

ఆ కాగితం సంగతి చెప్పాలి. గురువుగారు ఒకప్పుడు ఊళ్లు తిరిగి రికార్డు చేసిన పల్లెపాటలు జానపద సంఘం వారివి. టేపులు బూజు పట్టి ఎప్పుడో పోయాయి. వాటినుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన పెద్ద ఫైళ్లే మిగిలాయి. డిస్కులు నిండిపోయాయి కాబట్టి కుదించిన కాపీలు ఉంచుకుని అసలువి చెరిపేద్దామని కార్యదర్శి కామేశం గారి పట్టు. కుదించడమంటే మరేం లేదు. పెద్ద చప్పుడు పక్కన పడ్డ చిన్న చప్పుడు మన చెవికి అందదు గనక యంత్రం దాన్ని తీసి పారేస్తుంది. ఫైలు పదో వంతుకి దిగుతుంది. "చెరిపినా నష్టం లేదు" అని, సంఘంలో ఆ డిస్కుల పని చూసే హైమవతి రాసి సంతకం పెడితే ఆ సాయంత్రమే అసలువి పోతాయి.

ఆవిడ ఊరికే సంతకం పెట్టే రకం కాదు. ఇరవై మందిని కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా, ఒక్కొక్కరికీ పదేసి సార్లు వినిపించింది. వాళ్లలో సంగీతం మేష్టార్లున్నారు, నేనూ ఉన్నాను. "ఇదే అసలుది!" అని చిటికె వేసి మరీ చెప్పాను. పదింటికి నాలుగు ఒప్పయ్యాయి. బొమ్మా బొరుసూ వేసుకున్నా ఇంతకన్నా నయంగా వచ్చేది. సిగ్గుతో చచ్చాను. గురువుగారికి అయిదు వచ్చాయి. ఆయన మాత్రం "నాకూ వినపడలేదు, అంతే" అని నవ్వేశారు.

"మీకే వినపడనప్పుడు ఇంక దాచడం దేనికండీ?" అంది హైమవతి.

గురువుగారు నావైపు తిరిగి, "పక్క ఊరెళ్లి అచ్చియ్యమ్మ గారిని ఆటోలో తీసుకురా" అన్నారు.

అచ్చియ్యమ్మ గారికి ఎనభై రెండేళ్లు. ముప్పై ఏళ్ల కిందట ఆవిడ పాడిన దంపుళ్ల పాటని గురువుగారే రికార్డు చేశారు. ఇద్దరాడవాళ్లు ఒకే రోట్లో వంతులవారీగా రోకళ్లు వేస్తూ వడ్లు దంచుతారు, పాట దాని మీద నడుస్తుంది. ఆవిడ వచ్చి కూర్చుని, "ఏవయ్యా భోగేస్సర్రావూ, ముసలాడివైపోయావే!" అని పలకరించింది. హైమవతి రెండు ఫైళ్లూ వినిపించి, ఏది బాగుందో చెప్పమంది.

"రెండూ బాలేవు."

"అదేంటి మామ్మగారూ?"

"నేనొక్కదాన్నే ఉన్నానేంటి ఇందులో? మా తోడికోడలేదీ? మంగాయమ్మ?"

హైమవతి వివరాలు చూసింది. "ఇక్కడ మీ పేరొక్కటే రాసుందండీ."

"రాసినోడికేం తెలుసు! ఎదురు పోటు ఎవరేశారనుకున్నావ్? పోటు పోటుకీ అది ఊ కొట్టేది. అది ఊ అంటేనే నాకు తరవాతి మాట నోటికొచ్చేది. దాని ఊ లేకుండా నా బతుకులో ఒక్క పాట పాడలేదు. అది పోయి పదకొండేళ్లయింది. ఇన్నాళ్లకి నన్ను పిలిపించి, దాన్ని తీసేసి వినిపిస్తారా? సిగ్గుందా మీకు?"

"ఎవరూ తియ్యలేదండీ. ఇరవై మంది విని రెండూ ఒకటేనని..."

"ఇరవై మంది కాదు, ఊరంతా చెప్పనీ. అదుంది. వెతకండి. అది దొరికేదాకా నేనిక్కణ్ణించి కదల్ను."

పేరు రాసింది గురువుగారే. ఆయన తల దించుకున్నారు. "మైకు నీ పక్కనే పెట్టానమ్మా. తప్పు నాదే" అని లేచి, మీటల ముందు కూర్చున్నారు. రోకటి పోటు పడే చోటల్లా ఆ మోతని తగ్గిస్తూ, తగ్గిస్తూ, మిగిలినదాన్ని పైకి లాగారు. ముందు కుదించిన ఫైలు పెట్టారు. మోత తగ్గించాక దాని కింద మనిషన్నవాడు లేడు. నీళ్లు పుక్కిలించినట్టు గులగులమంది, అంతే. తర్వాత అసలు ఫైలు పెట్టారు. పోటు పక్కకి తప్పుకుంది. దాని వెనకనుంచి, ఆయాసపడుతూ, ఒక ఆడమనిషి గొంతు.

"ఊ."

మళ్లీ పోటు. మళ్లీ "ఊ."

అచ్చియ్యమ్మ గారు ముందుకు వంగింది. పాడే గొంతు పోయి చాలా ఏళ్లయిందావిడకి. అయినా మూడో ఊ పడగానే పెదవులు కదిలాయి, తరవాతి చరణం మొదటి మాట ఉత్త గాలిగా బయటికొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. హైమవతి కాగితం లాక్కుని "పోటు కింద మంగాయమ్మ గారి ఊ అసలు ఫైల్లోనే ఉంది, చెరపడానికి వీల్లేదు" అని రాసి, సంతకం చేసి, ఫోటో తీసి అక్కడికక్కడే సంఘానికి పంపించింది.

అరగంటలో కామేశం గారు ఫోన్ చేశారు. హైమవతి స్పీకర్‌లో పెట్టింది.

"ఏవిటమ్మా ఇది? నీ పరీక్షలో ఎవరికీ తేడా తెలియలేదన్నావు కదా!"

"తెలియలేదండీ. ఇప్పటికీ అదే చెప్తాను. అయినా చెరపనివ్వను. డిస్కులు నా దగ్గరున్నాయి, ఇవ్వను. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి."

"బాగుందమ్మా! వినేవాళ్లెవరికీ వినపడని ఊ కోసం ఇవన్నీ మోస్తూ కూర్చోవాలా?"

గురువుగారు చెయ్యి చాపి ఫోను అందుకున్నారు.

"ఊ కొట్టేది వినేవాళ్ల కోసం కాదండీ" అని పెట్టేశారు.