మొదట రాసినవాడి సంతకం

పేరిశాస్త్రి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. విన్నానన్నట్టు తల ఊపి, కళ్లజోడు తీసి కండువా చెంగుతో తుడుచుకుని, మళ్లీ తన పనిలో పడిపోయేవారు. జవాబు ఒక్కోసారి గంటకు వచ్చేది, ఒక్కోసారి వారానికి. అదీ మాట రూపంలోనే వస్తుందన్న హామీ లేదు. నేను ఆయన దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. అందులో సగం కాలం ఆయన నా ప్రశ్నలు మరిచిపోతున్నారనే అనుకున్నాను.

కాకినాడ రామారావుపేటలో, ఒక మందుల గోడౌన్ పైఅంతస్తులో ఉండేది మా ఆఫీసు. ఆసుపత్రిలో రోగి మంచం పక్కన నిలబెట్టి, గంటకు ఇంత అని కొలిచి నరంలోకి మందు ఎక్కించే పంపు ఉంటుంది కదా, దాని లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మా పని. శాస్త్రి గారు అంతకుముందు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవారు గనక అందరం ఆయన్ని గురువుగారూ అనే పిలిచేవాళ్లం. కొందరం భక్తితో, కొందరం అలవాటుకొద్దీ. ఆయన పెట్టిన ఆచారాలు రెండు ఉండేవి. ఎవరు ఏ భాగం చూస్తున్నారో వాళ్లు ఆ రోజు చేసిందంతా పెన్నుతో పుస్తకంలో రాయాలి. కంప్యూటర్లో అయితే తప్పును చడీచప్పుడు లేకుండా చెరిపెయ్యొచ్చు, కాగితం మీద కొట్టివేత కనబడుతుంది అనేది ఆయన వాదన. పుస్తకం సొరుగులో, సొరుగు తాళంచెవి ఆ భాగం చూసేవారి దగ్గర. రెండో ఆచారం, ఏ భాగంలో ఎవరు ఏ మార్పు చేసినా సరే, దాన్ని మొదట రాసినవాడు చదివి సంతకం పెడితే తప్ప అది పంపుల్లోకి వెళ్లకూడదు.

మెమరీ చూసుకునే భాగాన్ని మొదట రాసినవాడు తాతారావు. తెలివైనవాడు. ఈ మాట నేను సంతోషంగా చెప్పడం లేదు, నిజం గనక చెబుతున్నాను. ఆరేళ్లు ఆ భాగం చూసి విసిగిపోయి, కొత్త పంపుకు పెద్ద రంగుల తెర వస్తోందని తెలియగానే, ఆ పని తనకే కావాలని గురువుగారి వెంటపడి మరీ తెచ్చుకున్నాడు. పాత భాగాన్ని మేరీ సుగుణకు అప్పగించారు. ఆమె సామర్లకోట నుంచి రోజూ బస్సులో వచ్చేది, ఎక్కువ మాట్లాడేది కాదు. తాతారావు ఆమెకు తాళంచెవి ఇస్తూ, "ఇందులో మీరు చెయ్యడానికేం మిగల్లేదండి, అప్పుడప్పుడు దుమ్ము దులుపుకుంటే చాలు" అన్నాడు.

ఎనిమిది నెలలు తిరక్కుండా ఆమె ఆ దుమ్ములోంచి పెద్ద కంత ఒకటి బయటికి తీసింది.

ఒక బుధవారం పొద్దున్న మా అందరి ముందూ నిలబడి, కాస్త బెదురుగానే, ఆమె ఇలా చెప్పింది: "పంపులో ఒక్కో పనికి మెమరీలో కొంత చోటు ఇస్తామండి. పని అయిపోగానే దాన్ని తీసేసుకుని ఇంకో పనికి ఇచ్చేస్తాం. ప్రమాదం వస్తే గంట మోగించే భాగం మాత్రం చోటు వదిలేశాక కూడా పాత చిరునామా దాచుకుంటోందండి. మళ్లీ అక్కడికే వెళ్లి, ఇప్పుడక్కడ ఎవరి సరుకు ఉందో చూడకుండా, తనదే అనుకుని చదివేస్తోంది. మెమరీ భాగం దాన్ని అడ్డుకోవడం లేదండి. పంపు ఆసుపత్రి నెట్‌వర్క్ మీద ఉంటుంది కదండీ. తెలిసినవాడెవడైనా ఆ ఖాళీలో తనకు కావలసిన అంకె పెట్టాడనుకోండి, పంపు అదే నమ్ముతుంది. గంట మోగాల్సిన చోట మోగదు."

దానికి విరుగుడు కూడా ఆమే రాసి తెచ్చింది. చోటు చేతులు మారినప్పుడల్లా దానికి ఒక కొత్త నంబరు వేస్తారు. ఎవరు వచ్చినా చిరునామాతోపాటు నంబరూ చెప్పాలి. పాత నంబరుతో వస్తే పంపు అక్కడున్న అంకెను నమ్మదు, వెంటనే నర్సును పిలుస్తుంది.

గురువుగారు "బాగుందమ్మా" అన్నారు.

ఆ మాట ఆయన నోట రావడం ఎంత అరుదో బయటివాళ్లకు తెలియదు. నాతో రెండుసార్లు అన్నారు. తాతారావుతో ఏడుసార్లు అన్నారట, తేదీలతో సహా అతనికి గుర్తు. ఆ పొద్దున్న అతని మొహం మాడిపోయింది. నాకు కూడా కడుపులో మండింది, అబద్ధం ఎందుకు. కాకపోతే నాది మామూలు మంట, పదకొండేళ్లుగా అలవాటైనది. అతనిది వేరు. తన ఇంట్లో తను ఆరేళ్లు కాపురమున్నా కనబడని కంత, నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి కనబడింది. పైగా మొదట రాసినవాడిగా అతను సంతకం పెట్టాల్సిన కాగితం మీద, ఫలానా భాగంలో లోపం అన్నచోట, ఆ భాగం రాసినవాడిగా తన పేరు ఉంటుంది.

సంతకం పెట్టనన్నాడు. నేరుగా అనలేదు. ఇంకా చూడాలన్నాడు, ఇంకోసారి పరీక్షించాలన్నాడు, నంబర్లు చూసుకుంటూ కూర్చుంటే పంపు నెమ్మదిస్తుందన్నాడు. అవతల ఆసుపత్రులకు కబురు వెళ్లిపోయింది, మార్పు వచ్చేదాకా పంపుల్ని నెట్‌వర్క్ నుంచి ఊడదీసి ఉంచమని. కొందరు ఊడదీశారు, అక్కడ నర్సులు మంచం మంచానికీ తిరిగి అంకెలు చూసుకుంటున్నారు. కొందరు కబురు విని ఊరుకున్నారు. సుగుణ రోజుకు రెండుసార్లు ఫోన్లు చేసి వాళ్లను బతిమాలుతోంది.

మరుసటి వారం గురువారం నాడు మాట మీద మాట పెరిగి తాతారావు నోరుజారాడు. "పదిహేడో తారీఖున ఆవిడ పరీక్ష రెండుసార్లు తప్పింది కదండీ! మూడోసారి సరిగ్గా వచ్చిందంటే ఎలా నమ్మమంటారు?"

సుగుణ ఉలిక్కిపడి చూసింది. ఆ సంగతి ఆమె తన పుస్తకంలో రాసుకుంది తప్ప ఎవరికీ చెప్పలేదు. గురువుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

తాతారావు అదేమీ గమనించలేదు. ఊపులో ఉన్నాడు. "గురువుగారూ, ఒక్కటి అడుగుతాను చెప్పండి. వదిలేసిన చోటు జోలికి పోకూడదని నేను ఆనాడే నియమం రాసిపెట్టాను. చదువుకున్నవాళ్లం రాసే పని ఇది. వదిలేసిన చోటికి ఎవరైనా మళ్లీ ఎందుకు వెళతారండీ? నియమం చాలదా? ఈ నంబర్లూ కాపలాలూ ఎందుకు?"

గురువుగారు తల ఊపారు. కళ్లజోడు పెట్టుకుని పనిలో పడ్డారు. ఇక వారందాకా జవాబు రాదనుకుని మేమంతా లేచిపోయాం. సాయంత్రం ఆయన సుగుణను పిలిచి, రేపు ఇటు రావద్దనీ, ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి నర్సులకు సాయంగా ఉండమనీ చెప్పి, ఆమె సొరుగు తాళంచెవి అడిగి తీసుకున్నారు.

తాతారావు దగ్గర రెండో తాళంచెవి ఉందని మాలో ఎవరికీ తెలియదు. తన హయాంలో, పోతుందేమోనన్న భయంతో బజార్లో మారుతాళంచెవి చేయించాడు. అప్పగింతనాడు ఒకటి ఇచ్చేశాడు. రెండోది స్కూటరు తాళంతోపాటు అతని గుత్తిలోనే ఉండిపోయింది. మరిచిపోయానని తనకు తానే చెప్పుకునేవాడట. మరిచిపోయినవాడు వారానికి మూడు రోజులు అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి ఆ సొరుగు తియ్యడు. ఆమె పేజీల్లో కొట్టివేతలు కనబడిన రోజున అతను హుషారుగా టీ తాగి మా అందరికీ కూడా టీ చెప్పేవాడు. పేజీ శుభ్రంగా ఉన్న రోజున ఇడ్లీ కూడా గొంతు దిగేది కాదు. ఇదంతా తర్వాత అతనే నాకు చెప్పాడు. ఓర్వలేనితనం మనిషిని ఎంత పొద్దున్నే నిద్రలేపుతుందో అప్పుడు తెలిసింది.

శుక్రవారం నేను మెట్లెక్కేసరికి లోపలినుంచి తాతారావు గొంతు వినబడుతోంది. చేతిలో రాజీనామా కాగితం. రాసి, మడిచి, సిద్ధంగా తెచ్చాడు.

"ఇదేం న్యాయమండీ గురువుగారూ? తెర పని నా దగ్గర్నుంచి లాగేసి ఆవిడకిస్తారా? సోమవారం నుంచని మీలో మీరే అనేసుకుని, నాకొక్క ముక్క చెప్పరా? నా భాగంలో తప్పు పట్టినందుకు నా కుర్చీ ఇనామా ఆవిడకి? తొమ్మిదేళ్లండి. తొమ్మిదేళ్ల నుంచి ఇక్కడ పడున్నాను నేను."

అతని వైపు చూడలేకపోయాను.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారు గురువుగారు.

తాతారావు చేతిలోని కాగితాన్ని మళ్లీ మడిచాడు.

"సుగుణ చెప్పిందా?"

"లేదండి."

"నేను చెప్పానా?"

గురువుగారు లేచి, సుగుణ సొరుగు తీసి, పుస్తకం తెచ్చి బల్ల మీద పరిచారు. చివరి పేజీలో ఒక్క వాక్యం ఉంది: కొత్త పంపు తెర పని సోమవారం నుంచి సుగుణకు, తాతారావుకు ఇంకా చెప్పలేదు.

"ఇదేనా?"

"అదేనండి" అనేశాడు తాతారావు. అన్నాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు.

"రాత ఎవరిదో చూడు."

అతను వంగి చూశాడు. నేనూ చూశాను. సుగుణవి గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉంటాయి. ఇవి పొడుగ్గా, ఎడమవైపుకు ఒరిగి, తలకట్లు లేకుండా ఉన్నాయి. మా జీవితాల్లో సగం ఆ రాతను చదవడంతోనే గడిచింది.

"నాది" అన్నారు గురువుగారు. "నిన్న సాయంత్రం రాశాను. అందులో నిజం లేదు. వదిలేసిన చోటికి మళ్లీ ఎవరు వెళతారన్నావు కదా. ఆమె సొరుగులో ఉంది గనక ఆమెదే అనుకున్నావు. నేను కాబట్టి ఒక్క వాక్యంతో ఆపాను."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే తాతారావుకు కాస్త తేలికగా ఉండేదేమో. అతను రాజీనామా కాగితాన్ని జేబులో కుక్కుకుని, గుత్తిలోంచి తాళంచెవి ఊడదీశాడు. అది ఒక పట్టాన రాలేదు. బల్ల మీద పెట్టబోతే గురువుగారు వద్దన్నారు.

"నాకెందుకది? ఆమెకియ్యి. ఎన్నాళ్లుగా నీ దగ్గరుందో అది కూడా చెప్పు."

సుగుణ మూడు గంటలకు ఆసుపత్రి నుంచి వచ్చింది. తాతారావు ఆమె ముందుకు వెళ్లి అంతా చెప్పాడు. తలెత్తకుండా చెప్పాడు గాని దాచకుండా చెప్పాడు. ఆమె తాళంచెవి తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

"పరీక్ష తప్పిన సంగతి మీ నోట విన్నప్పుడు, నేనే ఎక్కడో వాగేశాననుకున్నానండి" అంది. "రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను." తాళంచెవిని సంచిలో వేసుకుని, "మీకు నా మీద ఎంత కోపం ఉన్నా ఉండనివ్వండి. ఆ కాగితం మాత్రం ఇవాళ కావాలండి. అక్కడ ఇంకా పదకొండు పంపులు నెట్‌వర్క్ మీదే ఉన్నాయి" అంది.

తాతారావు కుర్చీ లాక్కుని కూర్చుని మార్పు మొత్తం మొదటినుంచి చివరిదాకా చదివాడు. దొంగ చదువు కాదు. రెండు చోట్ల ఆగి ఆమెను ప్రశ్నలు అడిగాడు, ఒకచోట ఆమె చూడని చిన్న పొరపాటు కూడా పట్టుకుని దిద్దించాడు. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఎండ వాలింది. అక్కడ లోపం పేరు, కింద తన పేరు, ఆ పక్కనే దాన్ని కనిపెట్టినది మేరీ సుగుణ అని ఉన్నాయి. పెన్ను కాగితానికి ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు. ఆ ఒక్క నిమిషంలో అతని మొహంలో ఏమేం కదిలాయో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అవన్నీ నాలోనూ ఉన్నాయి.

"గురువుగారూ" అన్నాడు తల వంచుకునే, చిన్నపిల్లవాడిలా. "ఇంతకీ... తెర పని నాదే కదండీ?"

గురువుగారు చేస్తున్న పని ఆపి అతని వైపు చూశారు.

"ముందు సంతకం పెట్టు నాయనా. ఆ పంపు గొట్టానికి అవతలి కొసన ఎవరో పడుకుని ఉన్నారు."