జంబయ్య కడిగిన చెయ్యి

“నా కాపలాలో ఒక్క నెత్తురు చుక్క కూడా నేల రాలదు.”

పిల్లలూ, ఈ మాట ఇచ్చింది జంబయ్య అనే ఎలుగుబంటి. అనగనగా ఒక ఎర్రమట్టి అడవి. అందులో జంతువులన్నీ కలిసి అతన్ని పెద్దగా ఎన్నుకున్నాయి. వానాకాలానికని దాచుకున్న ఇప్పపువ్వుకు అతనే కాపలా.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పొద్దున్నే వాగు దగ్గర అందరూ పంజాలూ గిట్టలూ ఎత్తి చూపాలి. నెత్తురు లేదని తేలాకే నీళ్లు తాగాలి. పెద్దకైనా అంతే.

ఒకనాడు ఈరన్న అనే దుప్పి జంబయ్యను నిలదీశాడు. “పువ్వు సగమైపోయింది. ఎవరు తిన్నారు పెద్దా?”

తిన్నది జంబయ్యే. భయంతో ఒక్క దెబ్బ కొట్టాడు. ఈరన్న లోయలో పడ్డాడు. మళ్లీ లేవలేదు.

జంబయ్య చెయ్యి కడుక్కున్నాడు. నెత్తురు మరక పోయింది. కానీ అతని కంటికి మాత్రం పోలేదు. మరునాడు ఇసుకతో రుద్దాడు. వెంట్రుకలు ఊడాయి, ఎరుపు అలాగే కనిపించింది. మూడోనాడు గుట్టెక్కి అరిచాడు:

“ఒకే అడవి! ఒకే రంగు! ఇకపై అందరూ పంజాలకూ గిట్టలకూ ఎర్రమట్టి పూసుకోవాలి. ఐక్యత వర్ధిల్లాలి!”

నక్కలు జై కొట్టాయి. ఒక కోతి వెనక్కి తిరిగి, “మాకు పుట్టుకతోనే ఎరుపుంది పెద్దా, ఇది చాలదా?” అంది. ఎవరూ నవ్వలేదు. భయపడి పూసుకున్నారు. ఆ కోతి కూడా పూసుకుంది!

ఈరన్న అక్క చుక్కి ఒక్కతే పూసుకోలేదు. మూడు రోజులుగా తమ్ముడి కోసం వెతుకుతోంది. వాగు ఒడ్డున జంబయ్య ఎదుట నిలబడింది.

“మట్టి పూసుకోవేం?” అని గద్దించాడు జంబయ్య.

“నీ చెయ్యి శుభ్రంగానే ఉందిగా మామా. తోలు ఊడేలా ఎందుకు రుద్దుతున్నావు?”

“శుభ్రమా? గుడ్డిదానా! ఇంత నెత్తురు నీకు కనబడటం లేదా?”

నీళ్లు తాగుతున్నవన్నీ తలలెత్తి చూశాయి.

“నెత్తురని నేననలేదు మామా,” అంది చుక్కి. “మా ఈరన్న ఏడీ?”

జంబయ్య పంజా ఎత్తాడు. చుక్కి కదల్లేదు. కోతి వాగులో దిగి, మట్టి కడిగేసుకుని, ఆమె పక్కన నిలబడింది. తర్వాత కుందేళ్లు వచ్చాయి. తర్వాత అడవిపందులు. జంబయ్య ఎత్తిన పంజా ఎత్తినట్టే ఆగిపోయింది.

“రేపు వైశాఖ పున్నమి. పొద్దెక్కేలోగా చెప్పాలి,” అంది చుక్కి. “మా తమ్ముణ్ణి ఏం చేశావో ఈ ఒడ్డునే, అందరి ముందూ చెప్పాలి.”

నీతి: తన తప్పు దాచుకోవడానికి అందరి చేతులకూ రంగు పూసేవాడికి భయపడి మనం చేతులు చాపితే, ఆ నెత్తురులో మనకూ పాలుంటుంది.