బోయీల ఊపిరి

పార్థివ నామ సంవత్సరం, రథసప్తమి. పొద్దెక్కి మూడు ఘడియలైంది. ఏటిగడ్డ సంస్థానంలో జగపతి రాజుగారికి ఓ ముచ్చట పుట్టింది.

“మన పల్లకీ బోయీలకు ఊపిరి ఎంతుందో కొలవండి!”

ఆస్థాన వైద్యుడు చిదంబరశాస్త్రి సిద్ధంగానే ఉన్నాడు. గంగాళం నీళ్లలో కుండ బోర్లించి, కిందికి వెదురు గొట్టం పెట్టాడు. ఊదితే కుండ లేస్తుంది. కుండ మీది పసుపు గీతలు ఎన్ని తేలితే అంత ఊపిరి.

బోయీలు ఒక్కొక్కరే వచ్చారు. రాజుగారి ఎదుట తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వినయంగా ఊదారు. ఒక్క గీతైనా తేలలేదు.

“వీళ్ల తిత్తులు పుచ్చాయి ప్రభూ! తీసెయ్యండి. మా మామగారి ఊరివాళ్లున్నారు, ఏనుగుల్లాంటివాళ్లు” అన్నాడు శాస్త్రి.

బోయీల పెద్ద గంగన్న బావురుమన్నాడు. “తాతల నాటి కొలువు, దొరా! పిల్లల్నేం పెట్టి సాకాలి?”

మంత్రి పేరయ్యగారు మా తాతగారికి ముత్తాత. ఆయన మెల్లగా లేచారు.

“శాస్త్రిగారూ, తమరూ ఒకసారి ఊదితే చూసి తరిస్తాం.”

రాజుగారి సరసన కూర్చునే చనువు శాస్త్రిది. బుగ్గలు పొంగించి ఊదాడు. ఐదు గీతలు! మీసం దువ్వుకున్నాడు.

ఆ కుండ ఎవరు చేశారు, ఆ వెదురు ఎక్కడిది అంటూ పేరయ్యగారు కబుర్లలో పెట్టారు. ఇంతలో మేళతాళాలతో సూర్యనారాయణస్వామి ఊరేగింపు కొలువు ముంగిట ఆగింది.

“శాస్త్రిగారూ, స్వామి ఎదుట కూడా ఒక్కసారి!”

“ఊదండి, ఊదండి!” అన్నారు రాజుగారు.

శాస్త్రి గతుక్కుమన్నాడు. ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని, ఊదీ ఊదనట్టు ఊదాడు. కుండ కదల్లేదు.

“అయ్యయ్యో, తమ తిత్తులు ఇంతలోనే పుచ్చాయే!”

“స్వామి మీదికి ఊపిరి వదలడం అపచారం కదయ్యా!”

“బోయీలకు ప్రభువే స్వామి. తమ గొట్టం కొలిచింది వాళ్ల ఊపిరిని కాదు, భక్తిని!”

రాజుగారు పకపకా నవ్వారు. స్వామి ముందుకు సాగగానే, తామే తెర వెనక్కి వెళ్లి కూర్చున్నారు.

“గంగన్నా, ఇప్పుడు ఊదరా! ఒకసారి కాదు, మూడుసార్లు!”

మూడుసార్లూ ఐదు గీతలు దాటింది. మూడోసారి కుండ పక్కకు ఒరిగి, గంగాళంలో నీళ్లు ఎగిసి శాస్త్రి ఒళ్లో పడ్డాయి. కొలువంతా గొల్లుమంది. బోయీల కొలువు నిలిచింది. రాజుగారి శాలువా పేరయ్యగారి భుజాన పడింది.

మర్నాడు తెల్లవారగానే బోయీలు పల్లకీతో మా గుమ్మంలో నిలబడ్డారు. పేరయ్యగారి తల్లిని ఎక్కించుకుని, గొంతెత్తి పాడుతూ కొండమీది కోవెలకు మోసుకెళ్లారు. వట్టి చేతులతో వెనక నడిచిన మా ఇంటిల్లిపాదీ మాత్రం మెట్టుమెట్టుకీ ఆగి రొప్పారట.