పేరు పలికితే కన్నం

కొండవాలులో నూకవ్వ అనే ముళ్ళపంది ఉండేది. ఆవిడ బొరియే చుట్టుపక్కల జంతువులన్నిటికీ కొట్టుగది. ఇప్పపువ్వు, సారపప్పు, తేనె, ఒక్కో సరుకూ ఒక్కో అరలో ఉండేది. ఎవరికేం కావాలన్నా, ఎవరేం దాచాలన్నా గుమ్మంలోకొచ్చి అడగాలి, అవ్వ లోపలికెళ్ళి తేవాలి, పెట్టాలి. ఈలోపు ఇంటి కబుర్లన్నీ అయిపోయేవి.

మోకాళ్ళు పట్టేయడంతో ఒకరోజు అవ్వ పందికొక్కు బుర్రయ్యను పిలిచింది.

"అరకి రెండేసి కన్నాలు తవ్వరా. తీసుకోడానికొకటి, పెట్టడానికొకటి."

"అన్నిటికీ ఇప్పుడే ఎందుకవ్వా? బయట నిలబడి ఎవరన్నా సరుకు పేరు పలకనీ. ఆ అరకి అప్పటికప్పుడు జత కన్నాలు తవ్వేస్తాను. రేపు కొత్త సరుకొచ్చినా నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

"ఏ పేరైనానా?"

"ఏ పేరైనా!" అన్నాడు బుర్రయ్య మీసం దువ్వుకుంటూ.

ఏ పేరుకి తవ్వకూడదో వాడూ అడగలేదు, అవ్వా చెప్పలేదు. తెలివి మరీ ఎక్కువైనప్పుడు ఇలాంటివే మరిచిపోతాం.

పని భేషుగ్గా సాగింది. కుందేలు బయటినుంచి "సారపప్పు" అంది, కన్నం పడింది, పప్పు తీసుకుని వెళ్ళిపోయింది. అవ్వ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. నెల గడిచింది. ఒకనాడు ఉడత కనబడితే ఆశగా పలకరించింది.

"కడుపుతో ఉన్నావట కదే?"

"కనేసి పదిరోజులైందవ్వా!" అంటూ ఉడత తేనె కన్నంవైపు పరుగెత్తింది.

ఆ పూట అవ్వకి తిండి సయించలేదు. అందరికీ సరుకు అందుతోంది, తను మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఆ కొండమీదే ఒక నక్క ఉండేది. పేరు సింహాచలం, బుద్ధి మాత్రం నక్కదే. "పిచ్చిమొహాలు, అందరూ అందరికీ తెలిసినవే అడుగుతున్నారు. ముసల్ది తనకోసం దాచుకున్నది ఇంకెంత బాగుంటుందో!" అనుకుని గోడవారగా నిలబడి, "అవ్వ దాచుకున్నది" అన్నాడు.

పేరు పలికారు కదా! బుర్రయ్య మారుమాట లేకుండా అట్టడుగు అరకి కన్నం తవ్వేశాడు. సింహాచలం ఆత్రంగా మూతి దూర్చాడు. కెవ్వుమన్నాడు.

ఆ అరలో ఉన్నవి అవ్వ మొగుడి ముళ్ళు. చిరుత నోట పడి చచ్చిపోయిన ముసలాయనవి, ఒక్కొక్కటీ ఏరి తెచ్చి దాచుకుంది.

నక్క మూతినిండా ముళ్ళతో గుమ్మంలోకొచ్చి పడ్డాడు. "పీకవ్వా, సచ్చిపోతన్నాను!"

అవ్వకి ఒళ్ళు మండింది. అయినా నెల తర్వాత గుమ్మం తొక్కిన మొదటి ప్రాణి వాడే.

"కూకో నాయనా," అంటూ ఒక ముల్లు పీకి వెలుగులో చూసుకుంది. "ఇది మా పెళ్ళినాటిదిరా. ఆవేళ ఏటైందంటే..."

"ఇంకా పదకొండున్నాయవ్వా! రెండోది పీకు!"

"పీకుతాను, తొందరేటి? ముందిది ఇను."

సింహాచలం పొద్దువాలేదాకా విన్నాడు. పన్నెండు కథలూ విన్నాడు.

నీతి: సరుకు ఏ కన్నంలోంచైనా అందుతుంది, పలకరింపు మాత్రం గుమ్మంలోంచే రావాలి.